మన జొన్నగిరేనా అశోకుడి సువర్ణగిరి?

జనం వదిలేసిన నగరం అనగానే మనకు టికాల్ గుర్తొస్తుంది. గ్వాటెమాలా అడవిలో మాయా వాళ్ల పిరమిడ్లు, క్రీ.శ. 900 ప్రాంతానికి ఖాళీ అయిపోయాయి. అలాంటి కథ ఒకటి మన పత్తికొండ పక్కనే ఉంది. కానీ ఇక్కడ పిరమిడ్లు లేవు. మిగిలింది ఒక పేరు: సువర్ణగిరి.

ఆ పేరు ఎక్కడుంది? కర్ణాటకలో, చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి, సిద్దాపుర శాసనాల్లో. సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, మహామాత్రులు కలిసి ఇసిల అనే ఊరి అధికారులకు అశోకుడి మాట పంపించారు. ఆర్యపుత్రుడు అంటే రాజకుమారుడు. అంటే క్రీ.పూ. 3వ శతాబ్దంలో దక్షిణాదికి హెడ్డాఫీసు సువర్ణగిరే!

ఆ ఊరు ఏది? కర్ణాటకలోని కనకగిరి అని కొందరు పండితులు, మన జొన్నగిరి అని ఇంకొందరు. నేను జొన్నగిరి వైపే. మొదటి కారణం బంగారం. ఇక్కడ పాతకాలం తవ్వకాల గుర్తులున్నాయి, ఇప్పటికీ బంగారం ఉంది. రెండోది ఎర్రగుడి. గుత్తి–పత్తికొండ రోడ్డు దగ్గరి ఆ బండల మీద అశోకుడి 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనమూ ఒకే చోట ఉన్నాయి. ఇట్లాంటివి దేశంలో చాలా అరుదు. పత్తికొండకు దగ్గర్లో రాజుల మందగిరిలో ఇంకో శాసనం. జనం లేని చోట ఎవరైనా ఇన్ని రాయిస్తారా?

ఎర్రగుడిలో ఏముందో తెలుసా? అమ్మానాన్నల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని. ఈ మాట భేరి కొట్టి పల్లెపల్లెకూ చెప్పాలని అధికారులకు ఆర్డర్. మన దండోరా లాంటిదే!

మరి ఊరు ఏమైంది? క్రీ.పూ. 185 ప్రాంతంలో మౌర్యుల రాజ్యం ముగిసింది. రాజ్యమే లేనప్పుడు రాజకుమారుడికి ఇక్కడ పనేముంది? నా ఉద్దేశం, ఆఫీసు పోతే దాన్ని నమ్ముకున్న బజారు, బండ్లు, మనుషులు ఒక్కొక్కరే కదులుతారు. యుద్ధమే రానక్కర్లేదు. వానల్లేక, పనుల్లేక వలస పోయే సీమకు ఇది కొత్తగా చెప్పాలా?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వందల మంది తల వంచుకుని వెతుకుతారు. ఎర్రగుడి రాతల్ని కూడా 1920ల చివర్లో ఒక జియాలజిస్టే గుర్తించాడు. ఈసారి వజ్రాలకు వెళ్తే ఆ బండల దగ్గరా ఒక్కసారి తల ఎత్తండి. సెల్ఫీ తీసుకోండి, రాళ్ల మీద మీ పేరు మాత్రం గీకొద్దు. ఆ నగరం నుంచి మనకు మిగిలిన ఉత్తరాలు అవే.