ఒకే పెడలు, నాలుగు చక్రాలు
(ఉపన్యాస పాఠం)



తరగతిలో నేర్చిన భౌతికశాస్త్రం ఎక్కడ అక్కరకు వస్తుందని అడిగే పిల్లలకు చూపదగిన చోటు ఒకటి కోయంబత్తూరు చేరువనే ఉన్నది. చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేలో ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా నిర్మించిన చిన్న పందెపు కార్లతో ఫార్ములా భారత్ పోటీలు జరిగాయి. ఇట్టి పోటీలకు మూలమైన ఫార్ములా ఎస్.ఏ.ఇ. 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైనది. ఏడాది పొడుగునా శ్రమించి కట్టిన కారైనా బ్రేకు పరీక్షలో నెగ్గనిదే పరుగుకు అర్హత లేదు. వేగమందుకొన్న కారులో పెడలు తొక్కగానే నాలుగు చక్రాలూ బిగుసుకొనవలెను. మూడు బిగుసుకొని నాల్గవది తిరిగినా ఆ ప్రయత్నం వ్యర్థమే.

డ్రైవరుతో కలిపి 300 కిలోల కారును ఊహించండి. గరిమనాభి ఎత్తు 30 సెంటీమీటర్లు. ఇరుసుల మధ్య దూరం 160 సెంటీమీటర్లు. నిలిచి ఉండగా ముందు చక్రాలపై 135 కిలోలు, వెనుక చక్రాలపై 165 కిలోల భారం ఉన్నదనుకొనండి. గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్ల తీవ్రతతో వేగం తగ్గునప్పుడు సుమారు 84 కిలోల భారం వెనుకనుండి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు 219, వెనుక 81. కనుక బ్రేకు బలంలో నూటికి 73 వంతులు ముందుకే చెందవలెను.

వెనుకకు ఎక్కువైతే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొనును. జారే టైరుకు పక్కపట్టు పోతుంది. కారు తోక తిప్పి గిరగిర తిరుగుతుంది. లోపల కూర్చున్నది ఒక ఇంటి బిడ్డ అన్నది మరువరాదు. ముందుకు మరీ ఎక్కువైతే కారు తిన్నగానే పోతుంది గాని, స్టీరింగు మాట వినదు. పరీక్షలో వెనుక చక్రాలు తిరుగుతూనే ఉంటాయి.

ఈ పంపకం చేసే సాధనం మన పల్లెల కావడి వంటిదే. సాధారణంగా పెడలుకు రెండు మాస్టర్ సిలిండర్లు ఉంటాయి: ఒకటి ముందు చక్రాలకు, ఒకటి వెనుక చక్రాలకు. రెంటినీ కలుపుతూ ఒక అడ్డకడ్డీ, దాని నడుమ బేరింగు. కావడి మోసేవాడు బరువైన కుండవైపు భుజం జరిపినట్లే, మర తిప్పి బేరింగును ఏ సిలిండరు చేరువకు జరిపితే దానికి ఎక్కువ బలం అందుతుంది. బలభ్రామకాల పాఠం చదివినవారికి ఇంతకుమించి వివరణ అవసరం లేదు.

పని మాత్రం ఓర్పుతో కూడినది. గొట్టంలో గాలి ఉంటే కడ్డీ ఒరిగిపోతుంది. అది మరతో దిద్దే లోపం కాదు. ముందు గాలి తీయవలెను. పిదప అరచుట్టు తిప్పి, తొక్కి చూచి, ఏ చక్రం ముందు బిగుసుకొన్నదో పక్కన నిలిచినవారు గమనించి వ్రాసుకొనవలెను. తొందరపాటుతో అదే సమయంలో టైరు గాలి కూడా మార్చితే ఫలితం దేనివల్ల వచ్చినదో ఎవరికీ తెలియదు. యువకులు తరచు తప్పేది ఇక్కడే.

వాన కురిస్తే లెక్క మారుతుంది. తడినేలపై వేగం తగ్గే తీవ్రత 0.7 రెట్లే అయితే, ముందుకు మారే భారం 39 కిలోలే. ముందు వాటా నూటికి 58కి దిగుతుంది. పొడినేలకు అమర్చిన బ్రేకుతోనే వెళితే ముందు చక్రాలు త్వరగా జారుతాయి. అందుకే జాగ్రత్త గల జట్టు, వానకు మరను ఎన్ని చుట్లు వెనుకకు తిప్పవలెనో ముందే పరీక్షించి, పుస్తకంలో వ్రాసి, లాక్‌నట్టు మీద రంగుతో గుర్తు పెట్టుకొనును.