దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం
(మలేషియాలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



గృహాలంకరణ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరినప్పుడు మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేము చిత్రకారులం కాము. ఇళ్ళు అలంకరించే వృత్తిలో ఉన్నవాళ్ళమూ కాము. చీకటిగా ఉన్న ఒక టెర్రస్ ఇంట్లో కాపురముండి, కొన్ని పొరపాట్లు చేసి, కొన్ని దిద్దుకున్నవాళ్ళం. ఆ పొరపాట్లు చెబితే మీకు డబ్బు ఆదా అవుతుంది గదా అని ధైర్యం చేసి వచ్చాం.

మన దేశంలో టెర్రస్ ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ముందు కిటికీ, వెనక కిటికీ, రెండు పక్కలా పక్కింటివాళ్ళ గోడలు. మధ్యలో ఉన్న గదికి పగలు పన్నెండు గంటలకు కూడా దీపం కావాలి. మా ఇల్లూ అంతే. మా అమ్మగారు తోటలో పుట్టి పెరిగిన మనిషి. తోటలో లైను ఇల్లు చిన్నదే. ముందొక వసారా, ఒక గది, వంటిల్లు. కిరసనాయిలు దీపం వెలుగే ఉండేది. కాని వసారాలో కూర్చుంటే ఆకాశం కనబడేది. ఏటా పండగకు ముందు గోడలకు సున్నం కొట్టేవారు. గడపకు పసుపు, కుంకుమ. వాకిట్లో ముగ్గు. తెల్లవారకముందే నుదుటికి దీపం కట్టుకుని రబ్బరు చెట్లకు గాట్లు పెట్టడానికి వెళ్ళిన మనిషికి వెలుగు విలువ ఒకరు చెప్పాలా?

ఆ తోట ఇళ్ళస్థలాలైపోయాక ఆవిడ మా దగ్గరకు వచ్చారు. వచ్చిన మొదటి రోజు నుంచి పగలంతా ముందు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వీధిలోకి చూస్తూ కాలక్షేపం చేస్తున్నారనుకున్నాం. అది మా మొదటి పొరపాటు.

మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు ఇల్లు కొత్తగా కనబడాలని పట్టుదల పుట్టింది. హాలు నడిమధ్య గాజు పూసల దీపగుచ్ఛం ఒకటి వేలాడదీశాం. మిగిలిన గదుల్లో తెల్లటి ట్యూబు దీపాలు పెట్టించాం. గోడలన్నిటికీ ఖరీదైన బూడిద రంగు వేయించాం. చుట్టాలంతా మెచ్చుకున్నారు. మా అమ్మగారు మాత్రం, "ఆసుపత్రిలా శుభ్రంగా ఉందిరా" అన్నారు. మేము దాన్ని మెప్పుగానే తీసుకున్నాం!

తరువాత 2017లో ఒక సాయంత్రం, హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న చిన్న మెట్టు కనబడక ఆవిడ పడిపోయారు. మణికట్టు విరిగింది. ఇంట్లో వెలుగు లేదా అంటే ఉంది, కావలసినంత ఉంది. కాని అదంతా నడినెత్తి మీద ఉంది. ఆ మెట్టు మీద ఆవిడ నీడే పడింది. అప్పుడు గాని మాకు తెలియలేదు, ఆవిడ తలుపు దగ్గర కూర్చునేది వీధిని చూడడానికి కాదని, సూది కంట్లో దారం కనబడేది అక్కడొక్కచోటేనని.

అందువల్ల మేము నేర్చుకున్న మొదటి పాఠం ఇది. అలంకరణకు ముందు అవసరం చూడాలి. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ చదువుకుంటారు, ఎక్కడ కూరలు తరుగుతారు, రాత్రి లేచి ఏ దారిన నడుస్తారు? ఒక సాయంత్రం దీపాలన్నీ ఆర్పి, ఒక్కొక్కటే వెలిగిస్తూ ఇల్లంతా నడిచి చూడండి. వయసు మీరిన కొద్దీ కంటి లోపలికి చేరే కాంతి తగ్గుతుంది. పాతికేళ్ళవాడికి చాలిన వెలుగు డెబ్బై ఏళ్ళవారికి చాలదు. అలాగని పైన దీపం పెద్దది చేస్తే కళ్ళు చెదురుతాయే కాని మెట్టు కనబడదు.

పైకప్పుకు ఒక దీపం ఉండనివ్వండి. కూర్చునే చోట, భుజం ఎత్తున, పక్కనుంచి వెలుగు పడేలా ఇంకొకటి పెట్టండి. మోకాలి ఎత్తున, నడిచే దారిలో, మెట్టు దగ్గర, మూడోది చిన్నది. ఇలా మూడు ఎత్తుల్లో మూడు చిన్న దీపాలు పెడితే గది లోతుగా, నిండుగా కనబడుతుంది. మా దీపగుచ్ఛం ఇప్పటికీ ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు వెలుగుతుంది. మా అమ్మగారి మెట్టు దగ్గర మాత్రం రాత్రంతా ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం వెలుగుతూనే ఉంటుంది. దాని కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు.

దీపం కొనేటప్పుడు పెట్టె మీద కెల్విన్ అనే అంకె చూడండి. 2700 నుంచి 3000 వరకు ఉంటే నూనె దీపానికి దగ్గరగా, పసుపుపచ్చని వెలుగు. 6500 అంటే మిట్టమధ్యాహ్నపు నీలిఛాయ వెలుగు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా కనబడేది ఈ రెండోదే. వంటింట్లో, చదువుకునే బల్ల దగ్గర తెల్లటి వెలుగు బాగానే ఉంటుంది. కాని పసుపు, కుంకుమ, ఇత్తడి, పట్టుచీర అంచు, ఇవన్నీ కళకళలాడాలంటే మొదటి రకమే కావాలి. మా పూజగదిలో దీపం మార్చిన రోజున దేవుడి పటాలకు కొత్తగా రంగు వేశారా అని పక్కింటావిడ అడిగారు.

ఇక అసలు సంగతికి వస్తాం. పెళ్ళి తరువాత మేము ఆంధ్రదేశం చూడడానికి వెళ్ళినప్పుడు హైదరాబాదులో ఒక హస్తకళల అంగడిలో తోలుతో చేసిన దీపపు తొడుగు ఒకటి చూశాం. ఎర్రటి, ఆకుపచ్చని రంగుల మధ్య హనుమంతుడు. లోపల దీపం వెలిగించగానే చుట్టూ ఉన్న చిల్లులన్నీ చుక్కల్లా మెరిశాయి. ధర అడిగి వెనుకాడాం. పిల్లలు వదిలిపెట్టలేదు. కొన్నాం.

అది తోలుబొమ్మలాట కళాకారుల చేతిపని. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గ్రామంలో ఈ పని చేసే కుటుంబాలు ఉన్నాయి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెడితే వెలుగును తన గుండా పోనిచ్చేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. ఒకప్పుడు ఊరి బయట తెర కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టి, తెల్లవార్లూ రామాయణ భారతాలు ఆడించేవారు. సినిమాలు, టెలివిజన్ వచ్చాక ఆట పిలుపులు తగ్గిపోయాయి. బొమ్మను ఆడించిన చేతులే దీపపు తొడుగులు, గోడ పటాలు చేయడం మొదలుపెట్టాయి. ఆట తగ్గినా పనితనం నిలిచింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి భారత ప్రభుత్వం 2020లో పద్మశ్రీ ప్రకటించింది.

వీరి గురించి తెలుసుకున్నప్పుడు మమ్మల్ని ఆశ్చర్యపరచిన విషయం ఒకటుంది. ఈ కళాకారుల కుటుంబాలలో చాలామంది పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి తరలివచ్చినవారు. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక పాడేది తెలుగు. తరాలు గడిచినా ఇంటి భాష ఇంట్లో నిలుపుకున్నారు, వచ్చిన చోటి భాషనూ తమదిగా చేసుకున్నారు. రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ తరలివచ్చిన మన తాతముత్తాతల బిడ్డలం, మనం ఈ సంగతి విని ఊరకే ఎలా ఉండగలం?

ఆ తొడుగు విషయంలో మా పొరపాట్లు కూడా చెప్పాలి. ఇంటికి తేగానే ఉత్సాహం కొద్దీ అల్మారాలో మిగిలిన పాత 60 వాట్ల బల్బు పెట్టాం. పాత బల్బు వెలుగు కంటె వేడే ఎక్కువ ఇస్తుంది. వారం తిరిగేసరికి హనుమంతుడి తోక ముడుచుకుపోయింది. లంక కాలకముందే తోక కాలిందని పిల్లలు ఒకటే నవ్వు. ఇలాటి తొడుగుల్లో 5, 6 వాట్ల ఎల్.ఇ.డి. చాలు. బల్బుకూ తోలుకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడమ ఉండాలి. రెండో పొరపాటు, వానల రోజుల్లో నెల రోజులు మూసిన గదిలో వదిలేశాం. బూజు పట్టింది. మన మలేషియా గాలిలో ఎప్పుడూ తేమే. తోలును తడిగుడ్డతో తుడవకూడదు. పొడిగుడ్డతోనో మెత్తటి కుంచెతోనో దులిపి, గాలి ఆడే చోట ఉంచాలి. గోడకు ఆనించి పెట్టకూడదు.

ఇలాటి తొడుగు కోసం ఆంధ్రదేశం వెళ్ళి తీరాలని మేము అనడం లేదు. మన కెలాంతాన్‌లో వయాంగ్ కులిత్ ఉంది. కులిత్ అంటే తోలే. అక్కడి తోలుబొమ్మలు ఆడేదీ రామకథే, మలయ్ మాటల్లో. ఆ బొమ్మ ఒకటి తెల్లగోడకు రెండు జానల ముందు నిలబెట్టి, కింద చిన్న దీపం పెడితే, నీడ గోడంతా పరచుకుంటుంది. అంతకంటె అందమైన అలంకరణ ఏ దుకాణంలో దొరుకుతుంది?

రంగుల గురించి రెండు మాటలు. ముదురు రంగు గోడ వెలుగును మింగేస్తుంది. మా బూడిద గోడలు చేసిన పని అదే. చీకటి గదికి పైకప్పు తెలుపు, మూడు గోడలు మీగడ రంగు, దీపం వెలుగు పడే నాలుగో గోడ పసుపు గాని, లేత ఇటుక రంగు గాని వేయండి. రంగుల దుకాణంలోని చిన్న ముక్క చూసి నిర్ణయించవద్దు. పెద్ద అట్టకు రంగు వేసి గోడకు తగిలించి, పొద్దున ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. గోడలో తేమ ఉంటే ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోండి. తేమ మీద వేసిన రంగు పొక్కులు లేస్తుంది.

నమూనాలకు మన కలంకారీ ఉండనే ఉంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీటిలోను, పాలలోను గుడ్డను నానబెట్టడం, ఇనుము బెల్లం కలిపి ఊరబెట్టి నల్లరంగు తీయడం, పటిక వేసి ఎరుపు నిలపడం, ఇదంతా ఓపికతో కూడిన పని. 15, 16 శతాబ్దాలలో కోరమాండల్ తీరపు వస్త్రాలు మన మలక్కా రేవులో అమ్ముడుపోయేవి. కనుక మన హాల్లో ఒక పక్క కలంకారీ, ఇంకో పక్క తెరెంగాను బాతిక్ ఉన్నాయంటే, అవి రెండూ ఎరగని చుట్టాలు కావు. ఒకటి గోడకు పెద్దదిగా వేస్తే రెండోది దిండ్లకు చిన్నదిగా వేయండి. రెండింటిలోను ఒక రంగు కలిసేలా చూడండి. ఎండ నేరుగా పడే చోట మాత్రం వద్దు. వెలిసిపోతాయి.

ముగ్గు గురించి చెప్పకపోతే మా అమ్మగారు ఊరుకోరు. ఫ్లాట్లలో ఉన్నవారికి వాకిలి లేదు, నడవా అందరిదీ. రెండడుగుల చెక్కపలకకు ఎర్రమట్టి రంగు వేసి, దాని మీద ముగ్గు వేసి తలుపు పక్కన పెట్టుకోవచ్చు. 7 చుక్కలు పెట్టి, సందు చుక్కలతో 4 దాకా తగ్గిస్తూ వేసే ముగ్గు ఎనిమిదేళ్ళ పిల్లకైనా వస్తుంది. అంటించే ముగ్గు కాగితాలు తేలికే కాని, దాన్ని వేస్తూ పక్కన కూర్చుని మాట్లాడే నాయనమ్మ ఆ కాగితంతో రాదు.

ఒక హెచ్చరిక కూడా. దీపావళికి దీపాల తోరణాలన్నీ ఒకే ప్లగ్గుకు తగిలించవద్దు. తీగలు చాప కింద పోనివ్వవద్దు. నిద్రపోయే ముందు ఆర్పండి. నూనె దీపం కింద ఇత్తడి పళ్ళెం ఉంచండి, తెరగుడ్డలకు దూరంగా పెట్టండి.

ఇప్పుడు మా ఇల్లు ఎలా ఉందంటే, మా అమ్మగారి కుర్చీ తలుపు దగ్గరనుంచి హాలు మధ్యకు వచ్చింది. పక్కన హనుమంతుడి దీపం, తోక ముడుచుకున్నదే. సాయంత్రం మా మనుమరాలు వస్తుంది. దానికి ఇంగ్లీషు, మలయ్ ధారాళంగా వచ్చు. తెలుగు అర్థమవుతుంది కాని మాట్లాడదు. ఒక రోజు ఆ తోక చూపించి ఎందుకిలా ఉందని మలయ్‌లో అడిగింది. ఆవిడ లంకాదహనం మొదలుపెట్టారు, తెలుగులోనే. మర్నాడు మళ్ళీ వచ్చి, "తాతమ్మా, తోక కథ" అంది. మా ఇంట్లో అది పలికిన మొదటి తెలుగు వాక్యం అదే. గడప, తోరణం, గూడు, వత్తి, ప్రమిద, చుక్క, ఈ మాటలన్నీ ఇప్పుడు దానికి వచ్చు. పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఇంట్లో ఆ వస్తువులున్నాయి గనుక వచ్చాయి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మా అమ్మగారికి ఎనభై దాటాయి. మీ ఇళ్ళలోనూ అలాటి పెద్దలుంటారు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ముందు వారి కుర్చీ ఎక్కడుందో చూడండి. దాని పక్కన ఒక దీపం పెట్టండి. పిల్లలకు ఒక పీట కూడా వేయండి.