సున్తీ: బిడ్డ ఒంటికి మనమే పూచీ

(మైలవరంలో ముస్లిం కుటుంబాల ఆరోగ్య సదస్సులో ఒక శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు వస్తే మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లోని మన ఇళ్లలో ఒడుగుల మాట మొదలవుతుంది. విందుకు ఎవరెవరిని పిలవాలో నెల ముందు నుంచే ఆలోచిస్తాము. బిడ్డకు నొప్పి తెలియకుండా ఎవరు చేస్తారు, నెత్తురు ఆగకపోతే ఎక్కడికి పరుగెత్తాలి అన్న ప్రశ్నలు మాత్రం చాలా ఇళ్లలో ఆ రోజు దాకా రావు. నేను మాట్లాడబోయేది వాటి గురించే.

2012 మే నెలలో జర్మనీలోని కొలోన్ నగర న్యాయస్థానం, మతాచారంగా బిడ్డకు సున్తీ చేయించడం శరీరానికి హాని చేయడమేనని తీర్పు చెప్పింది. నాలుగేళ్ల ముస్లిం బాలుడికి సున్తీ తరువాత రక్తస్రావం కావడంతో వచ్చిన కేసది. ముస్లిములూ యూదులూ కలిసి నిరసించారు. అదే ఏడాది డిసెంబరులో జర్మన్ పార్లమెంటు సున్తీని అనుమతిస్తూ చట్టం చేసింది. అయితే వైద్యశాస్త్ర నియమాల ప్రకారమే జరగాలని షరతు పెట్టింది. మన దేశంలోనూ పిల్లల సున్తీని నిషేధించాలంటూ వేసిన పిటిషనును కేరళ హైకోర్టు 2023 మార్చిలో కొట్టివేసింది. ఆచారం మన హక్కే. కానీ ఒకే కత్తితో వరుసగా పదిమంది పిల్లలకు కోసి, బూడిద అద్ది పంపినప్పుడు ఆ హక్కును మనమే బలహీనపరుస్తున్నాము. ఆ కత్తి వెంట హెపటైటిస్-బి, హెచ్ఐవి రాగలవు. బూడిద వెంట ధనుర్వాతం రాగలదు.

ఈ మాటతో హజ్జాం సోదరులను నిందిస్తున్నానని భావించకండి. తరతరాలుగా ఈ సేవ చేసినవారు వారే. 2007 నాటి చట్టంలో బి.సి.-ఇ జాబితాలో వారికీ చోటు దక్కింది. వారి పిల్లలు వైద్యవిద్యలోకి రావాలన్నది నా కోరిక. కార్డోబాకు చెందిన అల్-జహ్రావీ వెయ్యేళ్ల క్రితమే తన ‘అల్-తస్రీఫ్’ గ్రంథంలో సున్తీ విధానాన్ని వివరించారు. శ్రద్ధగా చేయడం మనకు కొత్త విద్య కాదు.

ఇక అసలు సంగతి. శిశ్నాగ్రాన్ని కప్పి ఉండే ముందు తోలును తొలగించడమే సున్తీ. చేయించే ముందు వైద్యుడికి బిడ్డను తప్పక చూపించండి. మూత్రరంధ్రం కొసన కాక కింది వైపున ఉంటే సున్తీ ఆపాలి. దాన్ని సరిదిద్దే శస్త్రచికిత్సకు ఆ తోలే అవసరం కావచ్చు. బిడ్డ అన్నకో మేనమామకో చిన్న దెబ్బకే నెత్తురు ఆగని జబ్బు ఉందా? ఉంటే దాచవద్దు. హీమోఫీలియా తల్లి వైపు నుంచి మగబిడ్డలకు వస్తుంది. జ్వరం, కామెర్లు ఉంటే వాయిదా వేయండి. టీకాలు వేయించారో లేదో చూసుకోండి.

పసిబిడ్డకు స్థానికంగా మత్తు ఇస్తే సరిపోతుంది. నాలుగైదేళ్ల పిల్లలు కదలకుండా ఉండలేరు కనుక తరచు పూర్తి మత్తు అవసరమవుతుంది. దానికి ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు పెట్టకూడదు. తల్లిపాలైతే నాలుగు గంటలు చాలు. జాలిపడి అవ్వ దాచిపెట్టిన బిస్కెట్టు కూడా ప్రమాదమే! శస్త్రచికిత్స సాధారణంగా అరగంటలో ముగుస్తుంది. ‘అదిగో బంగారు పిట్ట’ అని బిడ్డను మోసగించవద్దు. ఏం జరుగుతుందో వాడికి అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పండి.

మొదటి రెండు మూడు రోజులు వాపు, మంట ఉంటాయి. వైద్యుడు రాసిన పారాసిటమాల్ వేయండి, ఆస్పిరిన్ వద్దు. వదులైన లుంగీ కట్టండి. పుండు మీద పసుపుపచ్చని పల్చటి పొర కడుతుంది. చీమనుకొని దాన్ని గోకకండి. అది మానుతున్న గుర్తు. కరిగే కుట్లు రెండు మూడు వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి. ప్లాస్టిక్ ఉంగరం వేస్తే అది ఐదు నుంచి పది రోజుల్లో ఊడుతుంది, లాగకూడదు.

నెత్తురు కనబడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు విడవకుండా నొక్కిపట్టండి. అప్పటికీ ఆగకపోయినా, ఎనిమిది గంటలు దాటినా మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, ఉంగరం వెనక్కి జారి బిగుసుకున్నా రాత్రని చూడకుండా ఆసుపత్రికి బయలుదేరండి. ఇక్కడి నుంచి విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సుమారు నలభై కిలోమీటర్లే. బండి ఎవరిదో ముందే మాట్లాడి ఉంచుకోండి.

పెద్దవారికీ ఒక మాట. మధుమేహం ఉన్నవారిలో ముందు తోలు పగిలి బిగుసుకుపోతుంది. అలాంటి హిందూ, క్రైస్తవ సోదరులు కూడా ఈ శస్త్రచికిత్స చేయించుకుంటారు. వారు ముందు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి, ఆ తరువాత ఆరు వారాలు సంయోగం మానాలి.

బిడ్డకు ఇన్నేళ్లు నిండాలనే తొందర మీద ఇళ్లలో ఒత్తిడి ఉంటుంది. వయసు విషయంలో పండితుల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి కనుక వైద్యుడు ఆగమంటే ఆగవచ్చు.

చివరగా మసీదు కమిటీల పెద్దలకు నా విన్నపం. సామూహిక ఒడుగులు జరిపించడం పేదలకు మేలే. కాకపోతే షామియానా కింద కాదు, ఆసుపత్రిలో జరిపించండి. ఒక్కో బిడ్డకు వేరే పరికరాలు, మత్తు ఇచ్చే వైద్యుడు, వారం తరువాత మరోసారి పరీక్ష — ఈ మూడింటికీ ఒప్పుకోని శిబిరానికి చందా ఇవ్వకండి. వేసవిలో వారానికి ఒక రోజు మన ప్రభుత్వ ఆసుపత్రిలో సున్తీలకు కేటాయించాలని కోరుతూ అర్జీ రాసి తెచ్చాను. సంతకాలకు కాగితం ఆ బల్ల మీద ఉంది.