ఆంగ్లపు నుడికారము

ఆంగ్లము చక్కగా చదివి వ్రాయగలవారును ఆంగ్లేయుల సంభాషణ వినునపుడు ఒక్కొక్కచోట తికమక పడుదురు. మాటలన్నియు తెలిసినవే, భావము మాత్రము అందదు. ఇందులో చిన్నతన మేమియు లేదు. ‘వాడు నాపై కాలు దువ్వినాడు’ అని మన మన్నచో, తెలుగు నేర్చుకొను పరదేశి దువ్వెన కొరకు వెదకవచ్చును గదా!

నుడికారము జనుల జీవితమునుండి పుట్టును. ఆంగ్లేయులు చిక్కు పరిస్థితిని ‘స్టికీ వికెట్’ అందురు. వానకు తడిసిన పిచ్ ఎండకు ఆరునపుడు బంతి ఎటు లేచునో బ్యాటు పట్టినవానికి తెలియదు. పిచ్‌పై కప్పు వేయు ఆచారము వచ్చినపిదప ఆటలో ఆ స్థితి అరుదైనది, మాట మాత్రము నిలిచినది.

‘స్పెండ్ ఎ పెన్నీ’ అను మాట చూడుడు. బ్రిటనులో ఒకప్పుడు బహిరంగ మరుగుదొడ్ల తలుపులు పెన్నీ నాణెము వేసినగాని తెరచుకొనెడివి కావు. అందుచే మరుగుదొడ్డికి పోవలెనని చెప్పుటకు వృద్ధులు నేటికిని ఈ మాట వాడుదురు. ఆ దేశపు ఆసుపత్రులలో మన తెలుగు వైద్యులు పలువురున్నారు. మంచముపట్టిన ముసలమ్మ ఈ మాట అన్నపుడు, ఆమె ఏదో కొనదలచినదని వైద్యుడు తలచినచో ఆమె పడు అవస్థ యెంత!

ఆంగ్లము మాతృభాషయైన వారికిని ఈ చిక్కు తప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ సేనాధికారులు ఒక పత్రమును ‘టేబుల్’ చేయుదమన్నారు, అనగా వెంటనే చర్చింతమని. అమెరికనుల వాడుకలో ఆ మాటకు వాయిదా వేయుట యని అర్థము. ఇరుపక్షముల కోరికయు ఒకటేయైనను చాలసేపు వాదులాడుకొనిరని చర్చిల్ తన యుద్ధచరిత్రలో 1950లో వెలువడిన మూడవ సంపుటమున వ్రాసినాడు.

కావున నేర్చుకొనువారికి మేము మనవి చేయునది యిది. తెలియని మాట వినబడినపుడు విడి పదములకు అర్థము కూర్పవలదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అన్నారో గమనింపుడు. అప్పటికిని బోధపడనిచో నవ్వి తలయూపక, ‘దాని భావమేమి?’ అని మర్యాదగా అడుగుడు. అడిగినందుకు నొచ్చుకొనువారు అరుదు. ఇంకొకటి: కుర్రకారు వాడు కొంటెమాటలు త్వరగా పాతబడును. వానిని అర్థము చేసికొనుట అవసరమే. తామును వాడుటకు మాత్రము తొందరపడనక్కరలేదు. సాదా ఆంగ్లము ఎల్లెడల చెల్లును.