కోడలి చేతులు, ఇంటి మెట్లు

వృద్ధుల గురించి మాట్లాడమంటే మనకు ముందుగా గుర్తొచ్చేది కొడుకుల బాధ్యత. కన్నతల్లిని బస్టాండులో వదిలేసిన కొడుకు వార్త పేపర్లో పడుతుంది, నాలుగు రోజులు తిట్టుకుంటాం, కలికాలం అనుకుంటాం, ఆ చర్చ అక్కడితో సరి. నేను ఈ పూట చెప్పదలచుకున్నది వేరు. ముసలితనంలో మనిషి బతుకు ఎట్లా గడుస్తుందన్నది కొడుకు మంచితనం కంటే రెండు విషయాల మీద ఎక్కువ ఆధారపడుతుంది: ఆ మనిషి ఉంటున్న ఇల్లు ఎట్లా కట్టారు, పట్టుకుని లేపే చేతుల్లో ఎంత సత్తువ మిగిలింది. కొడుకు మనసు మార్చడానికి జీవోలు పనికిరావు. ఇంటి కొలతలు మార్చడానికి, ఆ చేతుల భారం తగ్గించడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

తెలుగునాట ఈ దారి వేసిన పండితుడు ఆచార్య పి.వి. రామమూర్తి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించారు. వృద్ధాప్యాన్ని డాక్టర్లకో ప్రవచనకారులకో వదిలేయకుండా, మనస్తత్వశాస్త్రం పద్ధతిగా పరిశోధించాల్సిన విషయంగా తీసుకున్నారు. ఆయన, ఆయనతో కలిసి పనిచేసిన ఆచార్య డి. జమున, అక్కడి వృద్ధాప్య పరిశోధన కేంద్రం నుంచి ఏళ్ల తరబడి రాసినవి చదివితే ఒక మలుపు కనిపిస్తుంది. పెద్దవాళ్లను ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడటం లేదు అని లెక్క రాసి ఊరుకోలేదు. చూసే మనిషిని, చూడబడే మనిషిని జంటగా తీసుకుని పరిశీలించారు. సంరక్షకుల ఒత్తిడి గురించి జమున గారి వ్యాసం 1997లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. ఒక వైద్య పత్రికలో రోగి పక్కన కూర్చున్న మనిషి అలసట గురించి రాయడం అప్పట్లో చిన్న విషయం కాదు. 2003లో ఆవిడే వృద్ధుల సంరక్షణనూ వారిపై జరిగే దౌర్జన్యాన్నీ ఒకే వ్యాసంలో చర్చించారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడంలోనే అసలు వివేకం ఉంది. దౌర్జన్యమంతా దుర్మార్గుల ఇళ్లలోనే జరగదు. అలసిపోయినవాళ్ల ఇళ్లలోనూ జరుగుతుంది.

ఆ అలసట ఎవరిదో సిద్దిపేట, దుబ్బాక ప్రాంతంలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే ఇంట్లో, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న కోడలు అత్తను మరుగుదొడ్డికి తీసుకుపోవడానికి లేచిన ప్రతిసారీ ఆ వెయ్యిలో కొన్ని తగ్గుతాయి. పేరు కొడుకుది, పని కోడలిది. ఆమె లేచి ఎక్కడికి తీసుకుపోతుందో కూడా చూడాలి. స్నానాల గది పెరట్లో ఓ మూల ఉంటుంది. గుమ్మం దగ్గర ఎత్తైన మెట్టు, పట్టుకోవడానికి ఏమీ లేదు. కింద తాండూరు బండ, దాని మీద సబ్బు నీళ్లు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి, ముసలామె లోపల పడిపోతే ఆమె ఒళ్లే తలుపుకు అడ్డం; బయటివాళ్లు తోస్తే ఆమెకే దెబ్బ. గది ఎంత ఇరుకంటే లేపే మనిషి నడుము వంచి నిలబడే చోటుండదు. తలుపు బయటికి తెరుచుకునేలా బిగించి, గోడకు ఒక ఇనుప కడ్డీ వేస్తే ఈ కష్టంలో సగం పోతుంది. దానికయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. తుంటి విరిగితే ఆసుపత్రిలో అయ్యే ఖర్చు ఎంతో ఇక్కడున్న చాలామందికి తెలుసు. అరవై ఐదేళ్లు దాటినవారిలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది పడిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక చెప్పింది. అంటే పడిపోవడం ఏ ఒక్కరి దురదృష్టమో కాదు, ముందే ఊహించి ఇల్లు కట్టుకోవలసిన సంగతి.

ఇల్లు అంత ప్రభావం చూపిస్తుందా అన్న అనుమానం సహజమే. అమెరికాలో ఎమ్. పావెల్ లాటన్ అనే మనస్తత్వవేత్త 1960లలో దీనికి ఒక సూత్రం చెప్పారు: మనిషిలో శక్తి తగ్గేకొద్దీ చుట్టూ ఉన్న పరిసరాలే అతని ప్రవర్తనను ఎక్కువగా నిర్ణయిస్తాయి. పాతికేళ్ల కుర్రాడు ఎట్లాంటి ఇంట్లోనైనా నెట్టుకొస్తాడు. ఎనభై ఏళ్ల మనిషికి అంగుళం ఎత్తు తేడా కూడా గడప దాటాలా వద్దా అన్నది తేల్చేస్తుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 1960లో వృద్ధుల కోసం విక్టోరియా ప్లాజా అనే ప్రభుత్వ గృహసముదాయం తెరిచారు. ఫ్రాన్సెస్ కార్ప్ అనే పరిశోధకురాలు అందులో ఇల్లు దొరికినవారిని, దరఖాస్తు పెట్టి దొరకనివారిని ఏళ్ల తరబడి గమనించి పోల్చారు. దొరికినవారి పరిస్థితి మెరుగ్గా ఉందని తేలింది. అయితే ఆ ఫలితాన్ని ఇక్కడికి ఎత్తుకొచ్చి అట్లాగే పెడితే పొరపాటు. అక్కడివారు విడిగా, తమ ఇళ్లలో తామున్నవారు. ఇక్కడి ముసలివారు ఎక్కువమంది సంతానంతో ఉంటారు. అందుకే లాటన్ సూత్రం పక్కన తిరుపతి ఆచార్యుల జంట లెక్క కూడా ఉండాలి: మన ఇంటి కొలత ఒక మనిషికి కాదు, పట్టుకునే మనిషితో కలిపి ఇద్దరికి సరిపోవాలి.

ఇప్పుడు మన సిద్దిపేట జిల్లాకు వద్దాం. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి, గజ్వేల్ దగ్గర కొత్త కాలనీలు లేచాయి. సిద్దిపేట పక్కన నర్సాపూర్‌లో 2,460 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లతో కేసీఆర్ నగర్ 2020 డిసెంబరులో మొదలైంది. నేల మీద ఒకటి, పైన రెండు అంతస్తులు కాబట్టి మూడింట రెండు వంతుల ఇళ్లకు మెట్లు ఎక్కాల్సిందే. ఇవేవీ వృద్ధుల గృహాలని ఎవరూ అనలేదు. కానీ ఈ జిల్లాలో వృద్ధులు రేపు బతకబోయేది వీటిలోనే గనక, మనకు తెలియకుండానే మనం కట్టిన అతిపెద్ద వృద్ధుల గృహపథకం ఇదే. నియమాలు లేకపోలేదు. 1999 నాటి జాతీయ వృద్ధుల విధానం తక్కువ ఆదాయవర్గాల గృహపథకాల్లో పదిశాతం ఇళ్లో స్థలాలో పెద్దలకు కేటాయించాలంది. ప్రధానమంత్రి పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు వృద్ధులు, వికలాంగులు ఉన్న కుటుంబాలకు వీలైనంత వరకు నేల అంతస్తు ఇమ్మన్నాయి. పంపకం రోజున జాబితా చదివే అధికారి చేతిలో ఈ కాగితం కూడా ఉండాలన్నదే నా కోరిక.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, తేలిగ్గా తీసేయలేనిది. తల దాచుకోను గూడే లేనివాళ్లు ఇంతమంది ఉండగా గోడ కడ్డీల గురించి మాట్లాడటం కడుపు నిండిన బేరం కాదా? కాదనే నా వాదన, ఎందుకంటే ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు లేనిది, కట్టాక ఖర్చుతో కూడుకున్నది అవుతుంది. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి. ఒక్కో దశలో అధికారులు వచ్చి ఫొటో తీసుకుంటారు. ఆ ఫొటోలో స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా పడుతుంది. నేను అడిగేది కొత్త పథకం కాదు, ఉన్న తనిఖీలో రెండు ప్రశ్నలు చేర్చమని. తప్పితే బిల్లు ఆపమని మాత్రం అననే అనను, అది పేదవాడి మీద ఇంకో పెత్తనం. మేస్త్రీకి ముందే చెప్పడం, నమూనా గీసి ఇవ్వడం చాలు. వాలుదారులు కట్టమని కూడా అనను. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి. అడుగున్నర పునాదికి పద్దెనిమిది అడుగులు. అంత చోటు ఎవరి దగ్గరుంది? మెట్లు తక్కువ ఎత్తులో కట్టి, పక్కన పట్టు ఇస్తే నడిచిపోతుంది. ఇల్లు అందుకుంటున్న ముప్పై ఐదేళ్ల కోడలు అరవై దాటేది కూడా ఆ గోడల మధ్యే.

వృద్ధాశ్రమాలు కడితే సరిపోదా అనేవారికి లెక్కే జవాబు. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అంటుంది. మన తెలంగాణ 33 జిల్లాల్లోనూ కట్టారనుకుందాం: 4,950 మంది. 2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లు; పదో వంతు పెద్దలనుకున్నా 35 లక్షలు. ఎవరూ లేనివారికి ఆశ్రమం కావాల్సిందే, తక్కినవారికి ఇల్లే ఆశ్రమం. పింఛను మాటా అంతే. 2014 నవంబరులో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయిన ఆసరా ముసలివారికి ఇంట్లో గౌరవం పెంచింది, ఇందులో నాకు సందేహం లేదు. మెట్టు ఎత్తు తగ్గించడం మాత్రం దాని వల్ల కాలేదు. ఇక పూర్వం ఉమ్మడి కుటుంబాల్లో ఇవేవీ లేకుండానే జరిగిపోలేదా అంటే, ఆ కాలంలో ఇంతమంది ఎనభై దాకా బతకలేదు. చేసే ఆడవాళ్ల గొడవ ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంటి వాదానికి అసలు చిక్కు మన ఊళ్ల వంతుల దగ్గర వస్తుంది. ముగ్గురు కొడుకులుంటే పెద్దమనుషులు కూర్చుని తల్లిని నెలకొకరి ఇంటికి రాస్తారు, ఒక్కోసారి తల్లి ఒకరికి, తండ్రి ఒకరికి. పైకి న్యాయంగా కనిపించే ఈ పంపకంలో ముసలామెకు తనదంటూ మంచం వేసుకునే మూల ఉండదు. మూడు ఇళ్ల మెట్లు, మూడు రకాల స్నానాల గదులు, ముప్పై రోజులకోసారి కొత్తగా అలవాటు చేసుకోవాలి. ఏ ఇంట్లో కడ్డీ వేయించాలి? ఆమె మా ఇంట్లో ఉండేది నెలే కదా అని ముగ్గురూ అంటారు. దీనికి ఆ 2007 చట్టంలోనే దారి ఉంది. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ నెలకు పది వేల దాకా పోషణ చెల్లించమని ఆదేశించవచ్చు. కాబట్టి పంచాయితీలోనైనా ట్రిబ్యునల్‌లోనైనా మనిషిని తిప్పడం మాని డబ్బును తిప్పాలి: తల్లి ఎంచుకున్న ఒక్క ఇల్లు కాగితం మీద రాయాలి, మిగతా ఇద్దరు నెలనెలా ఆ ఇంటికి చెల్లించాలి, అందులో చేసే కోడలికి ఇంత అని విడిగా పేర్కొనాలి. స్నానాల గదికి కడ్డీ మొదటి నెల డబ్బుతోనే పడిపోతుంది.