సూర్యరశ్మి – సర్కారు సొమ్ము

సూర్యరశ్మికి వెల లేదు. గాలికి సుంకము లేదు. అయినను వానినుండి పుట్టిన విద్యుత్తు ఇంటి దీపమును చేరుటకు మిక్కిలి వ్యయమగుచున్నది. కర్నూలు సీమ ఎండలో సౌరఫలకములను నిలుపుటకు ఒకటి రెండేండ్లు చాలును. ఆ విద్యుత్తును మోయు తీగెలను, ఉపకేంద్రములను నిర్మించుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టును. ఫలకములకు ప్రైవేటు పెట్టుబడి వచ్చుచున్నది. ఎల్లరకు ఉమ్మడియైన మార్గమునకు మాత్రము ప్రజాధనపు ఊతము కావలసియున్నది.

విద్యుత్తు ఎంత పుట్టునో, ఎంత ఖర్చగునో ఆ రెండును ప్రతిక్షణము సరితూగవలెను. తూర్పు రాష్ట్రములకు ఈ తూకమును కనిపెట్టు లోడ్ డిస్పాచ్ కేంద్రము కోల్‌కతాలోని టాలీగంజి ప్రాంతమున నున్నది. బొగ్గు కేంద్రమును మనము చెప్పినట్లు నడుపవచ్చును. మబ్బు మన మాట వినదు. సాయంకాలపు సూర్యుడు మనకొరకు ఆగడు. కావున సౌరవిద్యుత్తు పెరిగినకొలది ఈ తూకము కఠినమగుచున్నది.

తూకము తప్పిన ఏమగునో 2012 జూలై 31న దేశము చూచినది. మధ్యభారతమున బీనా–గ్వాలియర్ తీగెపై భారము మితిమీరి, ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కుప్పకూలినవి. రైళ్లు నిలిచిపోయినవి. పశ్చిమ బెంగాలు బొగ్గు గనులలో కార్మికులు భూగర్భమున చిక్కుకొని, పిమ్మట క్షేమముగా వెలికి వచ్చిరి. ఆనాడు దక్షిణ గ్రిడ్డు చెక్కుచెదరలేదు. ఏలయనగా తూర్పు గ్రిడ్డుతో దానికిగల బంధములు ఏకముఖ విద్యుత్తు ద్వారా ఏర్పడినవి. ఒకవైపు కలత రెండవవైపునకు పాకదు. అట్టి బంధములలో నొకటి విశాఖపట్టణము చెంతనున్న గాజువాకలో 1999లో నెలకొన్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగెతో దక్షిణ గ్రిడ్డును తక్కినవానితో ఏకమై, దేశమంతయు నొకే గ్రిడ్డయినది. లాభము ఉమ్మడి, అపాయమును ఉమ్మడియే.

ఆ అనుభవము ఫలించినది. గ్రిడ్డు స్థితిని సెకనుకు పలుమార్లు కొలుచు పరికరములను దేశమంతట నెలకొల్పిరి. ఆ వ్యయములో 70 శాతము విద్యుద్వ్యవస్థ అభివృద్ధి నిధినుండి వచ్చినది. గ్రిడ్డు క్రమశిక్షణను తప్పినవారు చెల్లించిన సొమ్ము ఈ నిధికి ఒక ఆధారము. తప్పునకు చెల్లించిన మూల్యము కాపలాకు జీతమైనదన్నమాట.

గాలికి, ఎండకు తగిన తీగెలు వేయుటకు 2015లో హరిత విద్యుత్ మార్గముల పథకము ఆమోదింపబడినది. రాష్ట్రములలోపలి తీగెలకు అంచనా వ్యయము 10,141 కోట్ల రూపాయలు. అందు 40 శాతము కేంద్ర గ్రాంటు, 40 శాతము జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఋణము, 20 శాతము రాష్ట్రముల వాటా. గ్రాంటు జాతీయ స్వచ్ఛ ఇంధన నిధినుండి వచ్చినది. ఆ నిధికి మూలము 2010లో బొగ్గుపై విధించిన సుంకము. టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు పెరిగి, 2017లో జి.ఎస్.టి. రాకతో ముగిసినది. రాణీగంజి బొగ్గు ఈ విధముగా గాలికి బాట వేసినది.

మొదటి దశలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 8 రాష్ట్రములుండెను. 2022 జనవరిలో ఆమోదము పొందిన రెండవ దశలో 7 రాష్ట్రములు కలవు. వ్యయము 12,031 కోట్లు, కేంద్ర సహాయము 33 శాతము. తెలంగాణ, పశ్చిమ బెంగాలు ఈ రెండింట లేవు. అయినను గ్రిడ్డు ఒక్కటే గనుక, రాజస్థానములో వేసిన తీగె కోల్‌కతా దీపమునకును తోడగును. గ్రాంటు వచ్చిన మేరకు తీగెల ఖర్చు వినియోగదారుని బిల్లుపై పడదు.

అయితే ధనము మంజూరగుట వేరు, తీగె నిలుచుట వేరు. 2020 నాటికి ముగియవలసిన మొదటి దశకు గడువు పలుమార్లు పొడిగింపబడినది. భూమి, మార్గహక్కు, అటవీ అనుమతులు అడ్డువచ్చినవి. ఇటీవల రాజస్థానములో తీగెలు చాలక, పుట్టగల సౌరవిద్యుత్తును వదులుకొనవలసి వచ్చినది. కార్యాలయములలో పనిచేయువారికి ఆలస్యమగు ఫైలు విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

తీగెతోపాటు నిలువయు కావలెను. పురూలియా జిల్లాలోని అయోధ్య కొండలలో 900 మెగావాట్ల కేంద్రము జపాను ఋణముతో వెలసినది. అధిక విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయమునకు తోడి, అవసరవేళ క్రిందికి వదలుదురు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రముయొక్క యంత్రములకును ఈ విద్య తెలియును. పూర్వము రాత్రిపూట మిగిలిన బొగ్గు విద్యుత్తుతో నీరు తోడుట ఆనవాయితీ; ఇకమీదట మధ్యాహ్నపు ఎండతో తోడవచ్చును. బ్యాటరీల నిలువకు 2023 సెప్టెంబరులో కేంద్రము 3,760 కోట్ల సహాయమును ఆమోదించినది. పెట్టుబడిలో 40 శాతమువరకు భరించునని ఆనాడు నిర్ణయింపబడినది.

ఫలకముల ప్రారంభోత్సవమునకు జనులు వత్తురు; తీగెకు ఎవరును దండ వేయరు. అందుచేత క్రొత్త సౌరక్షేత్రమును గూర్చి వినినప్పుడు, ఎన్ని మెగావాట్లని మాత్రమేగాక, తీగె సిద్ధమైనదా, నిలువ యున్నదా యని పౌరులు అడుగవలెను. ప్రజాధనము సార్థకమగుటకు ఆ ప్రశ్నయే తొలిమెట్టు.