వాడికి రానిది నీకెందుకొచ్చింది?

(స్టాన్‌మోర్‌లో జరిగిన మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలుకి వచ్చేటప్పుడు మీలో కొందరు బ్రాక్లీ హిల్ మీదున్న రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ ముందు నుంచి వచ్చుంటారు. ఎముకలు, కీళ్ళు, వెన్నెముక బాగుచేసే పెద్దాసుపత్రి అది. మన పనులకీ ఆ ఆసుపత్రికీ దగ్గరి చుట్టరికం. ప్లాస్టర్‌బోర్డులు మోసేవాళ్ళకి నడుం పోతుంది, డ్రిల్ పట్టేవాళ్ళకి భుజం పోతుంది, కేర్ హోముల్లో ముసలివాళ్ళని లేపి పడుకోబెట్టే మన అక్కచెల్లెళ్ళకి నడుమూ భుజమూ రెండూ పోతాయి. నొప్పి వస్తే మనం చేసేది ఒక్కటే. ఒక బిళ్ళ వేసుకుని పనికి పోతాం.

ఈరోజు మేం ఆ బిళ్ళల గురించే మాట్లాడదామని వచ్చాం. మేమంటే ఒకే ఇంట్లో అద్దెకుండే ఐదుగురం. డాక్టర్లం కాదు, సైట్ పని చేసుకునేవాళ్ళం. మేం చేసిన ఒక తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాం.

మా ఇంట్లో ఇద్దరు అన్నలున్నారు. ఒకాయనది పాలమూరు, ఇంకొకాయనది గోదావరి వైపు. ఇద్దరికీ నడుం నొప్పే. ఇద్దరూ ఏడాది పైగా మెడికల్ షాపులో దొరికే కో-కోడమాల్ వేసుకుంటున్నారు. ఒక బ్యాంక్ హాలిడే ముందు శుక్రవారం రాత్రి ఇద్దరూ కలిసి మానేద్దామనుకున్నారు. డబ్బాలు చెత్తబుట్టలో పడేశారు. మేం చప్పట్లు కూడా కొట్టాం.

గోదావరి అన్నకి శనివారం ఆవలింతలు, ముక్కు కారడం, కొంచెం చిరాకు. మంగళవారం పనికెళ్ళిపోయాడు. పాలమూరు అన్నకి అదే శనివారం రాత్రి నుంచి విరేచనాలు, చెమటలు, వాంతులు. ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పడుకుంటే కాళ్ళు ఒక చోట నిలవవు. రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఎవరో తనని పట్టుకోవడానికి వస్తున్నట్టు భయపడేవాడు, ఏడ్చేవాడు.

అప్పుడు మేం ఏమన్నామంటే, "ఇద్దరూ వేసుకుంది ఒకటే గోలీ కదే! వాడికి రానిది నీకెందుకొచ్చింది? ఊరికే నాటకాలు!" అన్నాం.

నాలుగో రోజు ఆయన ఎవరికీ చెప్పకుండా బయటికెళ్ళి మళ్ళీ డబ్బా కొనుక్కున్నాడు. గంటలో మామూలు మనిషయ్యాడు. "చూశారా, నాటకమే" అని మేం నవ్వుకున్నాం. అప్పట్నుంచి ఆయన మాతో ఆ మాట ఎత్తడం మానేశాడు. గోలీలు మాత్రం మానలేదు, ఇంకా పెంచాడు. కొన్ని నెలలకి జీపీ రక్తపరీక్ష చేయిస్తే లివర్ దెబ్బతింటోందని తేలింది. అప్పుడు గానీ మాకు కళ్ళు తెరుచుకోలేదు.

ఇద్దరికీ తేడా ఎందుకొచ్చిందో జీపీ దగ్గర, ఫార్మసిస్టు దగ్గర అడిగి తెలుసుకున్నాం.

మొదటిది, ఇద్దరూ వేసుకున్నది ఒకటే కాదు. షాపులో దొరికే 8/500 బిళ్ళలో 8 మిల్లీగ్రాముల కోడీన్, 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటాయి. కోడీన్ నల్లమందు జాతిది. ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. రోజుకి 8 బిళ్ళలు దాటకూడదు. మూడు రోజులకి మించి వాడొద్దని, అలవాటు పడే ప్రమాదం ఉందని డబ్బా మీదే రాసుంటుంది. గోదావరి అన్న రోజుకి ఆరేసేవాడు. పాలమూరు అన్న వేర్వేరు షాపుల్లో కొని పన్నెండేసేవాడు. అంటే ఆరు గ్రాముల పారాసెటమాల్, హద్దు నాలుగు గ్రాములు. లివర్ పాడవడానికి కారణం అదే. పైగా ఊరి నుంచి తెప్పించుకున్న ట్రమడాల్ కూడా వేసుకునేవాడు. మేం ఒక్కసారైనా అడిగితే గదా!

రెండోది, ట్రమడాల్ దారి వేరు. అది నల్లమందు జాతి పని చేస్తూనే, మెదడులో మనసుని నిలబెట్టే రసాయనాల మీద కూడా పని చేస్తుంది. అందుకే మానినప్పుడు కొందరికి విరేచనాలు, చెమటలతో పాటు విపరీతమైన భయం, అయోమయం వస్తాయి. లేనివి కనబడటం కూడా ఉంటుంది. మేం నాటకమన్నది దాన్నే.

మూడోది, లివర్లో తేడా. కోడీన్ కడుపులో పడ్డాక దానంతటది పెద్దగా పని చేయదు. లివర్లో ఉండే సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని కొంత మార్ఫిన్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ పుట్టుకతోనే కొందరికి మందంగా, కొందరికి చాలా వేగంగా ఉంటుంది. అదే బిళ్ళ ఒకరికి నీళ్ళ లాంటిది, ఇంకొకరికి బలమైన మందు. పిల్లలకి, పాలిచ్చే తల్లులకి కోడీన్ వద్దనేది ఇందుకే.

ఇవి కాక ఎన్నేళ్ళు వాడాం, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇంతకుముందు మానబోయి ఎంత బాధపడ్డాం, లోపల అసలు నొప్పి ఎంతుంది, మనసులో ఏం దిగులుంది, పక్కన ఎవరున్నారు, వీటన్నిటితోనూ బాధ మారుతుంది. గోదావరి అన్న భార్యాపిల్లలు ఇక్కడే దగ్గర్లో ఉంటారు. పాలమూరు అన్నకి వీసా భయం, ఊళ్ళో అప్పు, నడుములో డిస్కు. ఆ మూడు రాత్రులూ మేం పక్క గదిలో టీవీ చూస్తున్నాం.

డాక్టర్లు కూడా అందరికీ ఒకే బాధ అనుకోరు. విత్‌డ్రాయల్ ఎంతుందో చూడ్డానికి 11 అంశాల లెక్క ఒకటుంది. నాడి వేగం, చెమట, నిలకడ లేకపోవడం, కంటిపాప సైజు, ఎముకల నొప్పి, ముక్కు కారడం, కడుపు, వణుకు, ఆవలింతలు, ఆందోళన, రోమాలు. ఒక్కోదానికి మార్కులేసి కూడతారు. మొత్తం 5 నుంచి 12 వస్తే తక్కువ బాధ, 36 దాటితే తీవ్రం. ఒకే మందు మానిన ఇద్దరికి వేరే మార్కులు రావడం మామూలే.

పాలమూరు, నిజామాబాద్ వైపు వాళ్ళకి ఇది కొత్త కాదు. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలిపి అమ్మే రోజుల్లో, కల్లు ఆగినప్పుడల్లా ఏం జరిగిందో మీకు తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేస్తే ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. ఒకే ఇంట్లో తాగినా ఒకరికి నిద్ర పట్టదు, ఇంకొకరికి ఫిట్స్ వస్తాయి. ఇక్కడొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రోజూ తాగే మందు, నిద్ర బిళ్ళలు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. కోడీన్ లాంటివి మానితే నరకంలా ఉంటుంది గానీ, ఆ బాధతోనే ప్రాణం పోవడం అరుదు. అయితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్ళు తగ్గిపోతే ప్రమాదమే. గర్భంతో ఉన్న అక్కచెల్లెళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా అసలు ఆపొద్దు.

సాధారణంగా కోడీన్ మానాక ఒక రోజులోపు బాధ మొదలవుతుంది, రెండు మూడు రోజులకి ముదురుతుంది, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర, మనసు కుదురుకోవడానికి కొందరికి వారాలు పడుతుంది. మెథడోన్ లాంటివి నిదానంగా మొదలై ఎక్కువ రోజులుంటాయి. ఇది అంచనా మాత్రమే, పక్కవాడిని చూసి కొలుచుకునే టేపు కాదు.

మనం స్లాబ్ పోశాక సెంట్రింగ్ ఎలా విప్పుతాం? పక్క సైట్ వాళ్ళు విప్పారని మనం విప్పం. ఎండాకాలమా చలికాలమా, స్లాబ్ ఎంత పొడవు, పైన బరువెంత, అన్నీ చూసి ప్రాప్‌లు వరసలో తీస్తాం. మందు తగ్గించడమూ అంతే. 2022 ఏప్రిల్‌లో ఇక్కడి నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి. అందరికీ ఒకటే లెక్క కాదు, ఆ మనిషితో మాట్లాడి, ఆ మనిషికి తగ్గట్టు మెల్లగా తగ్గించాలి. చాలాచోట్ల వారానికో రెండు వారాలకో పదో వంతు చొప్పున తగ్గిస్తారు. కష్టమైతే అక్కడే కొన్నాళ్ళు ఆగుతారు.

పాలమూరు అన్నకి ఐదు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఈసారి మేం పక్కన కూర్చున్నాం. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళిచ్చాం, మజ్జిగన్నం పెట్టాం, రాత్రుళ్ళు కలిసి నడిచాం. ఆయన ఇప్పుడు ఇదే హాల్లో ఉన్నాడు. ఇదంతా చెప్పమన్నది ఆయనే. పేరు వద్దన్నాడు.

చివరగా నాలుగు మాటలు.

భయపడి దాచుకోవద్దు. మీ అనుమతి లేకుండా జీపీ మీ కంపెనీకి చెప్పరు. జీపీని కలవడానికి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలంటే అడగొచ్చు. ప్రతి బరోలో డ్రగ్, ఆల్కహాల్ సర్వీసు ఉచితంగా ఉంటుంది, జీపీ చీటీ లేకుండా నేరుగా వెళ్ళొచ్చు.

సైట్‌లో డ్రగ్ టెస్ట్ ఉంటే కోడీన్ అందులో పడొచ్చు. టెస్టుకి ముందే వేసుకునే మందు చెప్పండి, డబ్బా చూపించండి. మగతగా ఉన్నప్పుడు స్కాఫోల్డింగ్ ఎక్కొద్దు, బండి నడపొద్దు.

ఊరి నుంచి ట్రమడాల్ తెప్పించుకోవద్దు. ఇక్కడ 2014 జూన్ నుంచి అది క్లాస్ సి డ్రగ్. మన దేశంలో కూడా 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గరుంటే నేరం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కొన్నాళ్ళు మానాక మళ్ళీ పాత లెక్కలో వేసుకుంటే ఒళ్ళు తట్టుకోదు. అందులో మందు తాగుంటే ఊపిరే ఆగిపోవచ్చు. మనిషి లేపితే లేవకపోయినా, గురక పెట్టినట్టు ఊపిరి ఆగాగి వస్తున్నా, పెదాలు నీలమైనా వెంటనే 999కి ఫోన్ చేయండి. నిద్రపోనీలే అని వదిలేయొద్దు. మామూలు సందేహాలకి 111 ఉంది.

మీ గదిలో ఎవరైనా ఈ బాధ పడుతుంటే "వాడికి రానిది నీకెందుకొచ్చింది" అనొద్దు. "ఏమేం వేసుకున్నవ్ అన్నా, ఎన్ని రోజుల్నించి?" అని అడగండి. మేం ఆ ప్రశ్న మొదటి రాత్రే అడిగుంటే, ఆయన లివర్‌కి ఆ దెబ్బ తగిలేది కాదు.